బిడ్డ బొమ్మ ఎవరి సొత్తు?



యెరూషలేమునకు కలుగబోవు మేలులను గూర్చి చెప్పుచు జెకర్యా ప్రవక్త వీధులలో పిల్లలు ఆడుకొనుటను కూడ ఆ మేలులలో లెక్కించెను (జెకర్యా 8:5). సంక్రాంతి సెలవులలో మా మధిర ప్రాంతపు గ్రామములలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ పందెములు జరుగునప్పుడు ఆ వచనము మాకు జ్ఞాపకము వచ్చుచుండును. వాలీబాల్ 1895లో అమెరికాలో వై.ఎం.సి.ఏ. వారియొద్ద పుట్టిన ఆట. 1912లో దోర్నకల్ బిషప్పయిన అజరయ్యగారు అంతకుముందు అనేక సంవత్సరములు ఆ వై.ఎం.సి.ఏ.లోనే కార్యదర్శిగా పనిచేసిరి. కాబట్టి ఆటస్థలము మన సంఘమునకు పరాయిచోటు కాదు. అక్కడ పుట్టిన ప్రశ్న కూడ మనకు పరాయిది కాదు.

మా సంఘములోని ఒక యౌవనుడు దుకాణములో గుమాస్తాగా పనిచేయుచు, వాయిదాల మీద ఒక కెమెరా కొనుక్కొని, సెలవు దినములలో పిల్లల ఆటలను ఫోటోలు తీసి అమ్ముకొనుచున్నాడు. పందెము ముగిసిన సాయంకాలము ఫోనులో బొమ్మలు చూపించును. కావలెనన్నవారికి అచ్చు వేయించి యిచ్చును. మిరపకోతకు కూలికి పోవు ఒక తల్లి, తన కొడుకు కబడ్డీలో అందరిని తప్పించుకొని ఎగిరి గీత దాటుచున్న బొమ్మను చూచి మురిసిపోయెను. వెల విని మారు మాట లేక వెళ్లిపోయెను. మరునాడు మా యింటికి వచ్చి, "అయ్యగారూ, నేను కని పెంచిన బిడ్డ మొఖం నేనే కొనుక్కోవాలా?" అని అడిగెను. ఆ సాయంకాలమే యౌవనుడును వచ్చి, "నేనేమన్నా దొంగతనం చేసిన్నా అయ్యగారూ? అందరికీ ఊరికే ఇస్తే వాయిదా ఎవరు కడతరు?" అనెను. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. అందుచేత మేము తొందరపడి తీర్పు చెప్పలేదు.

మొదట యౌవనుని పక్షము చూతము. చేతిపని చేసి నాలుగు డబ్బులు సంపాదించుకొనుట పాపము కాదు. పౌలు సువార్త చెప్పుచునే కొరింథులో గుడారములు కుట్టెను (అపొ. కార్యములు 18:3). ఈ పని తేలికయైనదియు కాదు. పరుగెత్తు బిడ్డ రూపము చెదరక పడవలెనన్న, సెకనులో 500వ వంతో 1,000వ వంతో మాత్రమే వెలుతురును లోనికి రానీయవలెను. పొద్దు వాలిన కొలది అది మరింత కష్టమగును. ఎండలో మోకాళ్లూని వందల బొమ్మలు తీసినను పనికివచ్చునవి కొన్నియే. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అను ఆయన వరుసగా నిలిపిన 12 కెమెరాలతో పరుగెత్తు గుర్రమును ఫోటోలు తీసి, ఒక్క క్షణము దాని నాలుగు కాళ్లును నేలను విడుచునని చూపెను. మనుష్యుల కన్ను పట్టుకొనలేని దానిని పట్టి చూపించు పనికి కూలి అడుగుట న్యాయమే.

ఇక్కడ మా తప్పును కూడ ఒప్పుకొనవలసియున్నది. క్రిస్మస్ ఆటలకు ఆ యౌవనునిచేత దినమంతయు ఫోటోలు తీయించి, మేము అతనికిచ్చినది ఒక కప్పు టీయును, ఒక ప్రార్థనయును మాత్రమే. "మనవాడే గదా" అనుకొంటిమి. పనివారి కూలి బిగపట్టువారిని యాకోబు ఎంత కఠినముగా గద్దించెనో చూడుడి (యాకోబు 5:4). సంఘమే ఊరక తీసికొనినప్పుడు, బీదరాలిని వెల అడిగినాడని అతనిని తప్పుపట్టుటకు మాకు నోరెక్కడిది?

అయితే తల్లి ప్రశ్న అంతటితో తీరదు. గుడారము గుడ్డయే, బిడ్డ ముఖము గుడ్డ కాదు. పన్ను గూర్చి అడిగినవారిని మన ప్రభువు నాణెము తెమ్మని, దానిమీదనున్న రూపమెవరిదని అడిగెను (మత్తయి 22:19-21). కైసరు రూపముగల నాణెము కైసరుకు పోవచ్చును. మరి బిడ్డమీదనున్న రూపమెవరిది? మనుష్యుడు దేవుని స్వరూపమందు చేయబడెనని ఆదికాండము మొదటి అధ్యాయమే చెప్పుచున్నది. కాబట్టి ఆ రూపము ఫోటో తీసినవానిది కాదు. తల్లీ, అది కన్నవారి సొత్తు కూడ కాదు. మనకు అప్పగింపబడినది మాత్రమే. అమ్మువాడు తన శ్రమను, నేర్పును, కాగితమును అమ్మవచ్చును గాని బిడ్డను అమ్మరాదు. ఈ రెంటికిని నడుమ గీత ఎక్కడనున్నదో వెదకుటయే మన పని.

దేశపు చట్టము కొంత చెప్పుచున్నది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఫోటోమీద హక్కు సాధారణముగా తీసినవానిది. ఒకరు డబ్బిచ్చి తీయించుకొన్నచో, వేరే ఒప్పందము లేనప్పుడు, అది తీయించుకొన్నవారిది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో 18 ఏండ్లు నిండనివారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనను నియమమున్నది. ఇవి తెలిసికొనదగినవి. అయినను చట్టము హక్కును చూపును గాని, ప్రేమ ఇంకొక అడుగు ముందుకు వేయును.

ఆ అడుగు ఏదనగా, మొదటిది కప్పుట. నోవహు వస్త్రహీనుడై పడియున్నప్పుడు ఒక కుమారుడు చూచి బయట చెప్పెను. ఇద్దరు వెనుకకు నడిచివెళ్లి చూడకుండ కప్పిరి (ఆదికాండము 9:22-23). ఖోఖోలో ఒక ఆడపిల్ల జారిపడును, బట్ట తొలగును. చూచువారి కన్ను దానిని దాటిపోవును, కెమెరా దాటిపోదు. కన్ను మరచిన దానిని అది ఎల్లకాలము నిలిపి యుంచును. ఆరవ నిజాము కొలువులో ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో పర్దా స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక స్టూడియో తెరచి, దానిని ఒక దొరసాని చేతికి అప్పగించెను. అదియు వ్యాపారమే, అయినను ఎదుటివారి మర్యాదను కాచిన వ్యాపారము. కాబట్టి కెమెరా పట్టినవాడు ఏది తీయవలెనో నేర్చుకొన్నట్లే, ఏది తుడిచివేయవలెనో కూడ నేర్చుకొనవలెను.

రెండవది, పొలము అంచును విడుచుట. పంట కోయువాడు అంచులవరకు కోయక బీదలకు విడువవలెనని ధర్మశాస్త్రము చెప్పెను (లేవీయకాండము 19:9-10). పొలమంతయు ఇచ్చివేయుమని చెప్పలేదు. రైతు బ్రదుకవలెను గదా. అంచు విడువుమనెను. అందరికీ ఊరికే ఇమ్మని మేము ఆ యౌవనునితో చెప్పలేదు. కొనలేని పిల్లలకొరకు కొన్ని బొమ్మలు లెక్కలో విడిచిపెట్టుమని చెప్పితిమి. ఇకమీదట ఆట మొదలగుటకు ముందే తల్లిదండ్రుల సమ్మతి అడిగి వెల చెప్పుదునని, ఆడపిల్లల బొమ్మలను వారి యింటివారికి తప్ప చూపనని, వద్దన్నవారి బొమ్మలను తీసివేయుదునని అతడు ఒప్పుకొనెను. క్రిస్మస్ ఆటల కూలి సంఘపు సొమ్ములోనుండి అతనికి చెల్లింపబడెను.

అతడు ఆ కబడ్డీ బొమ్మను తీసికొని తల్లి యింటికి పోయెను. ఆమె, "ఊరికే వద్దు నాయనా, కోతలైనాక సగం ఇస్తా," అనెను. ఆ మాట విని మేము సిగ్గుపడితిమి. ఏలయనగా ధర్మశాస్త్రము బీదవారిని చేయి చాపి నిలువుమనలేదు. రూతు వలె వంగి ఏరుకొనుటకు చోటిచ్చెను. బీదవారికి ఆకలియే కాదు, గౌరవము కూడ కలదు. ఉచితముగా ఇచ్చువాడు దానిని మరచినచో, వెల అడిగినవానికంటె ఎక్కువ గాయపరచును.

ప్రియులారా, మీలో కెమెరా లేనివారెవరు? ప్రతి చేతిలో ఫోనున్నది. అమ్మకపోయినను, పొరుగువాని బిడ్డ బొమ్మను అడుగకుండ పదిమందికి పంపుచున్నాము. ఈసారి అట్లు పంపకముందు, ఆ రూపమెవరిదని ప్రభువు నాణెము పట్టి అడిగిన ప్రశ్నను మిమ్మును మీరు అడుగుకొనుడి. పిల్లలు నిర్భయముగా ఆడుకొను వీధులను ప్రభువు మన గ్రామములకు అనుగ్రహించును గాక. ఆమేన్.