సమానమైన ధర – కోరికకు కొలత

చేతిలో రొక్కము కొరవడినప్పుడు మనుష్యుడు ఏమి కొనవలయునో ఆ కొరతయే నిర్ణయించును. రెండు వస్తువులు ఒకే ధరకు లభించి, వానిలో దేనినైనను కొనగల శక్తి యున్నప్పుడు రొక్కము మౌనము వహించును. అప్పుడు నిర్ణయించునది మనస్సు. కావున సమానమైన ధర గల రెండు వస్తువుల నడుమ ఎన్నిక స్వల్ప విషయముగా కనిపించినను, మనుష్యుని కోరికల స్వరూపమును బయలుపరచు పరీక్ష యగుచున్నది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గృహస్థులకు నేడు ఈ పరీక్ష కారు రూపమున ఎదురగుచున్నది. ఎస్.యు.వి. యని పిలువబడు ఎత్తైన కార్లు పల్లెల ముంగిళ్లలో సైతము నిలిచియున్నవి. పదకొండు పన్నెండు లక్షల రూపాయల ప్రాంతమున టాటా నెక్సాన్ వంటి పొట్టి బండిలో హంగులు మెండుగా గల రకము లభించును. ఇంచుమించు అదే ధరకు హ్యుందాయ్ క్రెటా వంటి పొడవైన బండిలో సాదా రకము లభించును. "అదే పైకమునకు పెద్దది వచ్చుచుండగా చిన్నదానిని కొనుట తెలివి యగునా?" యని బంధువులు ప్రశ్నింతురు. ఈ వాదము బలమైనదే. దీనిని త్రోసివేయక పరిశీలింపవలయును.

మొదట 'పెద్దది' యను మాటకు అర్థమేమి? నెక్సాన్ పొడవు 3995 మిల్లీమీటర్లు, క్రెటా పొడవు 4330. తేడా 335 మిల్లీమీటర్లు, అనగా సుమారు జానెడున్నర. వెడల్పు చూచినచో నెక్సానుది 1804, క్రెటాది 1790. 'చిన్న' బండియే కొంచెము వెడల్పు! వెనుక కూర్చున్నవారు కాళ్లు చాపుకొనుటకు, సామాను పెట్టుకొనుటకు పొడవైన బండిలో చోటు హెచ్చు. ఇది నిజమైన లాభమే. కాని రెంటిలోను కూర్చుండగలవారు ఐదుగురే. ఆరవవానికి ఆ జానెడున్నర పొడవు ఆసనము కాజాలదు. అదే 3995 మిల్లీమీటర్ల బొలెరోలో ఏడుగురు కూర్చుందురు. కావున పరిమాణము వేరు, ప్రయోజనము వేరు.

ఇక ధర నిజముగా సమానమేనా? 2006లో కేంద్ర ప్రభుత్వము నాలుగు మీటర్లకు లోబడి, చిన్న ఇంజను గల కార్లపై ఎక్సైజు సుంకమును నూటికి 24 నుండి 16కు తగ్గించినది. పలు కంపెనీలు తమ బండ్లను నాలుగు మీటర్లకు ఐదు మిల్లీమీటర్లు తక్కువగా ఆపుటకు మూలము ఇదియే. 2025 సెప్టెంబరు 22 నుండి వచ్చిన జి.ఎస్.టి. మార్పు ప్రకారము, నాలుగు మీటర్లు మించక, పెట్రోలు ఇంజను 1200 సి.సి., డీజిలు ఇంజను 1500 సి.సి. దాటని కారుపై పన్ను నూటికి 18. ఆ హద్దు దాటిన దానిపై 40. రిజిస్ట్రేషను, భీమా కలుపక 11,80,000 రూపాయల ధర గల రెండు బండ్లను లెక్కింతము. పొట్టి బండిలో బండి విలువ 10,00,000, పన్ను 1,80,000. పొడుగు బండిలో బండి విలువ సుమారు 8,43,000, పన్ను సుమారు 3,37,000. ఇచ్చిన సొమ్ము ఒక్కటే. ఇంటికి వచ్చిన విలువ ఒక్కటి కాదు. పన్ను ప్రజలకే చెందునని యెరిగి సంతోషముతో ఇచ్చువాడు ధన్యుడు. ఈ లెక్క చూడకయే 'అదే ధరకు పెద్దది దక్కినది' యని మురియువాడు మాత్రము తన కన్నులకే మోసపోయినాడు.

అట్లని చిన్న బండిని ఎన్నుకొనుటయే వినయమని తలచుటయు పొరపాటే. పైకప్పున అద్దము, రంగురంగుల దీపములు, ముంగిట మెరయు తెర వీని కొరకే చిన్నదానిని కొన్నవాడు ఆడంబరమును విడువలేదు. దాని ఆకారమును మార్చినాడు. ఒకడు పొడవునకు లొంగెను, ఒకడు తళుకునకు లొంగెను. ఇద్దరును చూచువారి కన్నులతోనే బండిని కొలిచిరి.

మరి ఎవరి కొలతతో కొలువవలయును? ఆ బండిలో ఎక్కువారిలో మిక్కిలి బలహీనులైన వారి కొలతతో. మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల పల్లెలలో ఫ్లోరైడు నీటి వలన వెన్ను వంగి, కీళ్లు బిగిసిన వృద్ధులు కలరు. కృష్ణాజలము కుళాయిలకు వచ్చినను, ముదిరిన ఎముకల బిగువు సడలలేదు. అట్టి తల్లి గల ఇంట కొడుకు విచారింపవలసినది బండి పొడవును గాదు. తల్లి ఎవరి చేయూతయు లేక, లేక కొద్దిపాటి ఊతతో ఆ ఎత్తైన బండిలోనికి ఎక్కగలదా యనునది. డిండి, మన్ననూరుల మీదుగా శ్రీశైలము ఘాటు రోడ్డున పోవునప్పుడు ఆమె మోకాళ్లు ముడుచుకొని ఎంతసేపు కూర్చుండగలదు? ఆమెను షోరూమునకు తోడ్కొని పోయి, రెండు బండ్లలోను ఎక్కించి దింపినచో, బంధువుల వాదములు తీర్పలేని తగవు గడియలో తీరును. ఆమెకు పొడవైన బండిలో సుఖమైనచో దానిని కొనుట డంబము కాదు. పొట్టి బండి చాలినచో అది లోభము కాదు. రెండును ఎక్కుటకు కష్టమైనచో ఎత్తు తక్కువ గల మామూలు కారే ఉత్తమము. ఈ రెంటిలో ఏది యను ప్రశ్న అంగడి వేసినది. దానికి లోబడి తీరవలయునను నియమము లేదు.

ఇంకొక కొలత వీధిది. బండి యజమాని సొత్తు, వీధి అందరిది. ఇరుకైన వాడలో బండి నిలుచు చోట పిల్లలు నడతురు, నీళ్ల బిందెలతో స్త్రీలు పోవుదురు. తన ముంగిలి దాటి బండి ముక్కు బాటలోనికి వచ్చినచో, ఆ జానెడున్నరను కొన్నది యజమానియే గాని ఇచ్చినది పొరుగువారు.

కాయకమున ఆర్జించి, తన అవసరమునకు మించినదానిని దాసోహమునకు వినియోగింపుమని బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున బోధించెను. ఆ బోధ వస్తువులను నిషేధింపలేదు. అవసరమెంతయో కొలిచి చూచుకొనుమని మాత్రము కోరుచున్నది. పన్నెండు లక్షలు చేతనున్నవని పన్నెండు లక్షల బండియే కొననక్కరలేదు. పది లక్షలకు పని జరిగినచో మిగిలిన రెండు లక్షలు ఒక పేద విద్యార్థి చదువు కావచ్చును, ఆ తల్లి వైద్యము కావచ్చును. సమానమైన ధర గల రెంటి నడుమ చూపు చిక్కుకొన్నవానికి ఈ మూడవ త్రోవ కానరాదు. కొనుటకు పూర్వము ఒక రాత్రి ఈ లెక్క వేసికొనిన గృహస్థుడు ఏ బండి తెచ్చుకొన్నను, తెచ్చుకొనకున్నను, అతని ముంగిలి విశాలముగనే యుండును.