చిలకపిల్లను తెచ్చుకున్న మనవరాలికి

తలుపుల,
మార్చి నెల



మీ నాయన సంతలో చిలకపిల్లను కొనిచ్చినాడనీ, అప్పుడే దానికి నీ పేరు నేర్పుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో ఇంత సంగతి చెప్తే నువ్వు వినవు. అందుకే రాస్తున్నా.

రామచిలకలు చలి తగ్గేవేళకు చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి, మూడు నుంచి ఐదు దాకా. పిల్ల పుట్టినాక దాదాపు ఏడు వారాలు తొర్ర దాటదు. సంతకొచ్చే పిల్లలు ఆ ఏడు వారాల్లో చేతికి చిక్కినవే. తొర్రలో చెయ్యి పెట్టినవాడు ఒకదాన్ని తీసి మిగతావి వదిలిపెట్టడు. దారిలో చచ్చినవాటి లెక్క కొన్నవాళ్లకు ఎవరూ చెప్పరు. మెడకు పట్టీ లేదు కాబట్టి ఆడదేనని మీ అమ్మ తేల్చేసిందట. మగదానికైనా ఆ పట్టీ రావడానికి రెండు మూడేళ్లు పడుతుందని చెప్పు.

ఇక మాటల సంగతి. చిలక గుంపులో బతికే పక్షి. తోటివాటి కూత పట్టుకొని పలకడం గుంపులో కలిసిపోయే దారి. గుంపు లేని పిల్ల కళ్లముందున్న మనుషులనే తనవాళ్లనుకుంటుంది, వాళ్ల కూతే నేర్చుకుంటుంది. అది నీ పేరు పలికితే నిన్ను మెప్పించడానికి కాదమ్మా, తననూ మీలో కలుపుకోమని. నువ్వేమో పొద్దున బడికి పోతే సాయంత్రానికి గానీ రావు. అంతసేపూ ఒంటిగా ఉండే చిలకలు తమ ఈకలు తామే పీక్కుంటాయి. పంజరంలో ఇరవై ఏళ్లు దాటి కూడా బతుకుతాయి. నీ చదువూ పెళ్లీ అయినాక దానితో మాట్లాడేదెవరు?

మనవాళ్ల తీరు చిత్రం. జొన్నచేలో వాలితే వడిసెల తీసి తరుముతాం, ఇంట్లో అయితే పేరు పెట్టి కూర్చోబెడతాం. భద్రాచల రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గింది పోయిన జన్మలో చిలకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టినందుకేనని పెద్దలు కథ చెప్తారు. జన్మల లెక్క నేను తేల్చలేను గానీ, భక్తుడికి కూడా ఆ తప్పు మాఫీ చెయ్యని కథ మనకుందంటే నాకు గర్వమే.

ఈ జన్మ లెక్కకు చట్టముంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉండొచ్చు. మీ నాయనకు ఇది తెలీదని నేననుకోను. దీనికి బదులు బడ్జీలనే ఆస్ట్రేలియా చిన్న చిలకల జత తెస్తాననీ, వాటికి ఈ నిషేధం లేదనీ అతను బేరం పెడతాడు చూడు. వాటికీ పూట పూటా మనిషి కావాల్సిందే.

పుణ్యం వస్తుందని మిద్దెక్కి ఎగరేసేవు, ఆ పని మాత్రం చెయ్యొద్దు. దానికి రెక్కలు కత్తిరించినారట. కొత్త ఈకలు మొలిచేదాకా ఎగరలేదు, మేత వెతుక్కోవడం ఎవరూ నేర్పలేదు. పిల్లికో కాకికో దొరుకుతుంది.

దాన్ని అటవీశాఖకు అప్పగించాలి, అప్పటిదాకా అది నీ పూచీ. మన ఇళ్లల్లో మొదట చేతికొచ్చేవి శెనక్కాయలే కదా, అక్కడే జాగ్రత్త. బూజు పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, పక్షి కాలేయాన్ని తినేస్తుంది. నల్లబడిన గింజ, ముడుచుకుపోయిన గింజ తీసి పారెయ్యి. మంచివైనా రోజుకు ఒకటో రెండో చాలు, అవి వట్టి నూనె. ఇప్పటికి నానబెట్టిన పెసలు, మెత్తగా ఉడికించిన జొన్నలు, పండిన జామ, మునగాకు పెట్టు. పాలన్నం వద్దు, పక్షులకు పాలు అరగవు. చాక్లెట్ అసలే వద్దు. పచ్చిమిరప కొరికితే నువ్వు కంగారుపడొద్దు, ఆ మంట పక్షులకు తగలదు. పంజరం వంటింటి పొగకు దూరంగా, ఎండ నేరుగా పడని చోట పెట్టు. రెట్ట ఎత్తినాక సబ్బుతో చేతులు కడుక్కో, దాన్నుంచి మనిషికి జ్వరం అంటుకోవచ్చు. ఇంకో మాట, నీ పేరు నేర్పడం ఆపు. మనుషులకు ఎంత అలవాటుపడితే అడవికి అంత దూరమవుతుంది.

ఆదివారం కదిరికి వస్తా. సోమవారం నువ్వూ, మీ నాయనా, నేనూ కలిసి అటవీశాఖ ఆఫీసుకు పోదాం. ఎక్కడ కొన్నారో, ఎన్నాళ్లుందో, ఏం పెట్టినారో నువ్వే చెప్పు, మీ నాయన నోట వస్తే సగం నీళ్లు నములుతాడు. అప్పగించినట్టు ఒక కాగితం రాయించుకుందాం. ఆరోజు బడికి సెలవు చీటీ ఇప్పుడే రాసిపెట్టుకో.

మీ అబ్బ