శత్రువునకు విసరిన త్రాడు

శత్రువునందు మానవుని చూచుట ధర్మమా, దౌర్బల్యమా? 1957లో అమెరికాలో వెలువడిన ‘ది ఎనిమీ బిలో’ అను చలనచిత్రమును చూచినపుడు మాకు ఈ ప్రశ్నయే తోచినది. డిక్ పవెల్ దీనికి దర్శకుడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అట్లాంటిక్ సముద్రములో ఒక అమెరికా యుద్ధనౌకయు, ఒక జర్మను జలాంతర్గామియు పరస్పరము వేటాడుకొనుటయే ఇందలి కథ. మూలమైన నవలను వ్రాసిన రేనరు బ్రిటిషు నౌకాదళమున పనిచేసినవాడు.

మొదట గుణములను చెప్పుదము. ఇందు భయము ఒక పక్షపు సొత్తు కాదు. పైనుండి జారవిడిచిన బాంబులు నీటిలోతున ప్రేలునపుడు జలాంతర్గామిలోని నావికులు ప్రాణము లుగ్గబట్టుకొని కూర్చుండుట చూతుము. ఎవరి గెలుపు కోరవలెనో మనకే తెలియకుండ పోవును. తుదకు రెండు నౌకలును నాశనమగు వేళ, గాయపడిన మిత్రుని విడువలేక నిలిచిన జర్మను నాయకునకు అమెరికా నాయకుడే త్రాడు విసరును. పూర్వము టార్పీడో దెబ్బకు భార్యను పోగొట్టుకొన్నవా డతడు! ఈ ఒక్క చర్య పెక్కు ఉపన్యాసములకు సాటి.

ఇక దోషము. ఆ జర్మను నాయకుడు హిట్లరు యుద్ధమును రోయు సజ్జనుడు. ఇద్దరు కుమారులను పోగొట్టుకొన్న దుఃఖితుడు. అట్టివానిపై జాలిగొనుట కష్టమా? కథకులు పరీక్షను సులభము చేసి, పిదప మనలను ఉత్తీర్ణులను చేసిరి. జలాంతర్గాములు ముంచిన వర్తకనౌకలలోని నిరాయుధులకు ఇందు ప్రాధాన్యమే లేదు. యుద్ధము ఇద్దరు పెద్దమనుష్యుల చదరంగమైనది.

నిజమైన సముద్రమున జరిగిన దేమి? 1942 సెప్టెంబరులో ఒక జర్మను జలాంతర్గామి ‘లాకోనియా’ అను బ్రిటిషు ఓడను ముంచి, అందలివారిని తానే రక్షింప బూనెను. అట్లు రక్షించుచుండగా అమెరికా విమానము దానిపై బాంబులు వేసెను. అంతట జర్మను జలాంతర్గాముల అధిపతి డోనిట్జ్, ఇకమీద మునిగిన ఓడలవారిని రక్షింపరాదని ఆజ్ఞాపించెను. దయను ఒక పక్షము దండించినది. రెండవ పక్షము నిషేధించినది.

రావణుడు సజ్జనుడని కాదు గదా రాముడు విభీషణునిచే అంత్యక్రియలు చేయించినది! మనకు నచ్చినవానికి చేయి అందించుట స్నేహము. నచ్చనివా డైనను మునుగుచున్నవాడని అందించుట దయ. ఈ చిత్రము మనలను మొదటిదానివరకు కొనిపోయి విడిచినది. అంతమేరకు దానికి కృతజ్ఞులము. మిగిలిన దారి మనము నడువవలసినది.