తెలిసినవాడు చెప్పాలా?

మన బెంగళూరు, కోలారు ప్రాంతాల్లో నేల కింద గ్రానైట్ వంటి రాళ్లు ఎక్కువ. వాటిలోని యురేనియం క్రమంగా రేడియంగా మారుతుంది, రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతుంది. దానికి రంగు, వాసన, రుచి ఏవీ లేవు. బోరునీళ్లతో ఇంట్లోకి వచ్చి, స్నానం చేసేటప్పుడు, నీళ్లు కాచేటప్పుడు గాలిలో కలుస్తుంది. ఏళ్ల తరబడి ఎక్కువగా పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. పొగ తాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

ఒక ఇంటి యజమాని నీళ్లు పరీక్ష చేయించాడనుకుందాం. రేడాన్ బాగా ఎక్కువని తేలింది. అద్దెకున్నవాళ్లకు చెప్పాలా? చెబితే భయపడి ఇల్లు ఖాళీ చేస్తారేమో! "రాళ్లను నేను పెట్టానా?" అని ఆయన అడగొచ్చు. నిజమే, పెట్టలేదు. కానీ పరీక్ష కాగితం చేతికొచ్చాక దాచిపెడితే ఆ తప్పు ఆయనదే. నీళ్లు కంపు కొడితే అద్దెవాళ్లే కనిపెట్టేవారు. ఇది ఆయన చెబితే తప్ప వాళ్లకు తెలియదు.

పైగా దీనికి దారి ఉంది. రేడాన్ 3.8 రోజుల్లో సగమైపోతుంది. నీళ్లను ముందే బయట తొట్టిలో గాలి బాగా తగిలేలా చిమ్మితే చాలావరకు పోతుంది. స్నానాల గది, వంటింటి కిటికీలు తెరిచి ఉంచాలి. అందుకే చెప్పేటప్పుడు ముప్పుతో పాటు ఈ ఉపాయం కూడా చెప్పాలి. ఉండాలో, వెళ్లాలో అద్దెవాళ్లే నిర్ణయించుకుంటారు. ఆ హక్కు వాళ్లదని నా అభిప్రాయం.