ఇంటి బీమా: సంతకానికి ముందు తెలుసుకోవలసినవి

ఇల్లు అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహాలలో ఒకటి. ఇళ్ళను మనకు ప్రశాంతి నిలయాలుగా చేసింది తానేనని దివ్య ఖుర్ఆన్ (16:80)లో ఆయన మనకు గుర్తుచేశాడు. ఆ అనుగ్రహాన్ని కాపాడుకోవడం కూడా కృతజ్ఞతలో భాగమే.

మన నల్లమాడ, కదిరి ప్రాంతాల నుండి ఎందరో సోదరులు కువైట్ వెళ్ళి, ఏళ్ళ తరబడి కష్టపడి స్వగ్రామంలో ఇల్లు కట్టుకుంటారు. దానికి బీమా చేయించవచ్చా? అది తవక్కుల్‌కు విరుద్ధం కాదా? ఇలా అడిగేవారు చాలామంది ఉన్నారు. అయితే పాలసీలో ఏముందని తిరిగి అడిగితే మాత్రం వారిలో చాలామందికి తెలియదు. అసలు సమస్య ఇక్కడే ఉంది.

తవక్కుల్ అంటే ఏమిటి?

ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక విడిచిపెట్టి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టు, ఆ తరువాత భారం వేయి అన్న భావంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు (తిర్మిజీ). హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) రాబోయే ఏడేళ్ళ కరువు కోసం ధాన్యాన్ని వెన్నులలోనే నిలవ చేయించారు. కనుక ముందుజాగ్రత్త తవక్కుల్‌కు వ్యతిరేకం కాదు. బీమాపై ధర్మవేత్తల అభ్యంతరం జాగ్రత్త పడటం గురించి కాదు, ఒప్పందం స్వరూపం గురించి.

అభ్యంతరం ఏమిటి?

మనం ప్రీమియం కడతాం. నష్టం జరగకపోతే తిరిగి ఏమీ రాదు. జరిగితే కట్టినదానికి ఎన్నో రెట్లు వస్తుంది. ఏది జరుగుతుందో ఇద్దరికీ తెలియదు. దీనిని ధర్మవేత్తలు ‘గరర్’ అంటారు, అంటే అనిశ్చితితో కూడిన బేరం. ఇందులో జూదం పోలిక కూడా ఉంది. పైగా కంపెనీ ఆ సొమ్మును వడ్డీ వ్యాపారంలో పెడుతుంది. గరర్ కారణంగానే జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ 1985 డిసెంబరులో వ్యాపార బీమా ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. పరస్పర సహకారంపై నడిచే బీమాను మాత్రం అనుమతించింది. మలేసియా వంటి దేశాల్లో ‘తకాఫుల్’ పేరుతో నడుస్తున్నది ఇదే.

మన దేశ పరిస్థితి వేరు. 1990ల ఆరంభంలో భారత ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీకి చెందిన ఉలమాలు, మతకల్లోలాలలో ముస్లింల ధన, ప్రాణాలకు కలిగే నష్టాన్ని దృష్టిలో ఉంచుకొని, అవసరం మేరకు బీమాకు అవకాశం ఇచ్చారు. దీనిని ఒప్పుకోని ముఫ్తీలూ ఉన్నారు. ప్రతి ఒక్కరూ తమ పరిస్థితిని నమ్మకమైన ముఫ్తీకి వివరించి నిర్ణయం తీసుకోవాలి. అవసరంగా దొరికిన సడలింపు అవసరం హద్దు దాటకూడదు.

పాలసీలో ఏముంది, ఏమి లేదు?

2021 ఏప్రిల్ 1 నుండి దేశంలోని సాధారణ బీమా కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీని ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు వంటివాటి వల్ల ఇంటికి కలిగే నష్టం ఇందులో ఉంటుంది. ఇంటికి కట్టించే మొత్తం అంటే దానిని తిరిగి కట్టడానికయ్యే ఖర్చు. అందులో స్థలం ధర కలవదు. ఇంటికి బీమా ఉంటే ఆ మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా ఇంట్లోని సామానుకు కూడా వర్తిస్తుంది.

వర్తించనివి ఏమిటో చూద్దాం. నగదుకు లేదు. నగలకు కావాలంటే విడిగా రాయించుకోవాలి. మామూలు దొంగతనానికి లేదు. పైన చెప్పిన ప్రమాదం ఏదైనా జరిగి, దాని కారణంగా ఏడు రోజుల లోపల జరిగిన దొంగతనానికే వర్తిస్తుంది. కొత్త గోడలు సర్దుకునేటప్పుడు పడే బీటలకు, నాసిరకం సామగ్రి, లోపమున్న పనితనం వల్ల కలిగిన కుంగుబాటుకు పరిహారం రాదు. అంటే మేస్త్రీ సిమెంటు తగ్గించి కట్టిన పాపాన్ని ఏ పాలసీ మోయదు. ఈ ఒక్క మాట తెలిస్తే ప్రీమియం కంటే ముందు పునాది మీద శ్రద్ధ పెడతాం.

మన రైతులకు ఇది కొత్త పాఠం కాదు. వేరుశనగకు వాతావరణ బీమా ఉన్న సంవత్సరాలలో పరిహారాన్ని నిర్ణయించింది పొలంలో ఎండిన పంట కాదు, వర్షమాపక కేంద్రంలో నమోదైన అంకెలు. చేను మాడినా అంకె బాగుంటే డబ్బు రాలేదు. కాగితంలో రాసినదే ఒప్పందమవుతుంది. మన మనసులో అనుకున్నది కాదు. అందుకే లావాదేవీలను వ్రాసుకోమని ఖుర్ఆన్ (2:282) ఆదేశించింది. ఒప్పందంలోనే అనిశ్చితి ఉందని అభ్యంతరం చెప్పేవాడు, దానిని చదవకుండా సంతకం చేసి తన అజ్ఞానాన్ని కూడా దానికి కలపడం ఎలా సమంజసం?

పరిహారం కోరేటప్పుడూ అంతే. పాత బీటను వరద బీటగా చూపడం, పోని సామాను పోయిందని రాయించడం ఖచ్చితంగా హరామ్. కంపెనీ సొమ్మేగా అనే సాకు అల్లాహ్ సన్నిధిలో చెల్లదు.

పాలసీ లేనివాని ఇల్లు

2021 నవంబరులో ఎడతెగని వర్షాలకు కదిరిలో ఒక భవనం కూలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అలాంటి వానలకు మన పల్లెల్లో చవుడు మట్టి పోసిన పాత మిద్దెలు నాని కారుతాయి, కూలుతాయి. ఆ మిద్దెల్లో ఉండే వితంతువులు, వృద్ధులు ఏ పాలసీ కొనగలరు? తిండి తగ్గినప్పుడు అష్అరీ తెగవారు తమ దగ్గరున్నదంతా ఒకే వస్త్రంలో పోసి సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాడను అన్న అర్థంలో దైవప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారు (బుఖారీ, ముస్లిం). అసలైన తకాఫుల్ అదే. దానికి లైసెన్సు అక్కరలేదు. మస్జిద్ కమిటీ ఒక బైతుల్‌మాల్ పెట్టి, వానాకాలానికి ముందే బలహీనమైన మిద్దెలను చూసి బాగుచేయిస్తే చాలు. తన ఇంటికి ప్రీమియం కట్టగలిగిన ప్రతి సోదరుడూ ఆ నిధిలో ఎంతో కొంత వేయడం న్యాయం.

మన ఇళ్ళను, మన ఇరుగుపొరుగు ఇళ్ళను అల్లాహ్ కాపాడుగాక! తెలుసుకొని ఒప్పందం చేసే బుద్ధిని, ఇచ్చిన మాటపై నిలిచే నిజాయితీని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.