ఎవరి జట్టు?

ఒక దేశం తరపున ఆడాలంటే ఆ దేశపు పాస్‌పోర్టు ఉండి తీరాలా? ఒమన్ క్రికెట్ కథ తెలిసినవాళ్ళకి ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు.

అక్కడ క్రికెట్ క్లబ్ వెలిసింది 1979లో. దానికి పూనుకున్న కనక్సీ ఖింజీ కుటుంబం 1870లో కచ్ తీరంలోని మాండ్వి నుంచి మస్కట్ చేరిన వర్తకులు. వాళ్ళు ఒమన్ పౌరులయ్యారు. ఆడినవాళ్ళలో ఎక్కువమంది మాత్రం భారత్, పాకిస్తాన్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. పగలు ఉద్యోగం, సాయంత్రాలూ శుక్రవారాలూ ఆట. గడ్డి లేని మట్టి నేల, మధ్యలో సిమెంటు పిచ్. బంతి కోసం దూకితే మోకాలి చర్మం లేచిపోవాల్సిందే. 2000లో ఐసీసీలో అనుబంధ సభ్యత్వం దొరికింది. అల్ అమెరాత్‌లో పచ్చిక మైదానం ఆ తర్వాతెప్పటికో వచ్చింది.

2016 మార్చి 9న ధర్మశాలలో, తన మొట్టమొదటి టీ20 ప్రపంచ కప్ మ్యాచ్‌లోనే, ఆ జట్టు ఐర్లండ్‌ని రెండు బంతులు మిగిలి ఉండగా రెండు వికెట్ల తేడాతో ఓడించింది. 2021 ప్రపంచ కప్ జట్టులో హైదరాబాదులో పుట్టిన సందీప్ గౌడ్ కూడా ఉన్నాడు. మనవాళ్ళం సంబరపడ్డాం.

"అద్దె ఆటగాళ్ళు, వాళ్ళది ఒమన్ జట్టెలా అవుతుంది?" అని పెదవి విరిచేవాళ్ళూ ఉన్నారు. ఈ మాటని తేలిగ్గా కొట్టెయ్యలేం. గల్ఫ్‌లో వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే మూటాముల్లె సర్దుకోవాలి. మూడేళ్ళు నివాసం ఉంటే ఐసీసీ ఆడనిస్తుంది కాని, దేశం పౌరసత్వం ఇవ్వాలని ఎక్కడా లేదు. ఎప్పుడైనా వెళ్ళిపోవాల్సినవాడికి ఆ జెండా మీద మమకారం ఎందుకుండాలి?

నాకు తోచింది చెబుతాను. అద్దెకి వచ్చినవాడు డబ్బుకి తగ్గంత పని చేస్తాడు. తొలినాళ్ళలో ఆ మట్టిలో ఆడినవాళ్ళకి పేరూ లేదు, డబ్బూ లేదు. ఎనిమిది గంటల చాకిరీ చేసొచ్చి, ప్రతిఫలం ఆశించకుండా ఒక ఊరికి లేనిదాన్ని సమకూర్చి పెట్టినవాణ్ణి పరాయివాడనడం న్యాయం కాదు. కాగితం ఇచ్చేది ప్రభుత్వం. ఆ ఊరివాడయ్యేది మాత్రం మనిషి తన చేతలతోనే.

అయితే ఈ న్యాయం మనకి అనుకూలమైన చోటే వర్తిస్తే సరిపోదు. ఒమన్ జెర్సీలో హైదరాబాదు కుర్రాణ్ణి చూసి పొంగిపోయే మనం, అదే హైదరాబాదు మేడలకి ఇటుకలు కాల్చే ఒడిశా కూలీని ఏమంటున్నాం? ఎన్నేళ్ళున్నా "బయటివాడు" అనే కదా! మస్కట్‌లో మనవాడికి కోరుకునే గౌరవం, మన ఊళ్ళో అతనికి ఇవ్వగలమా?