పోయినదాని బరువు

చెరకు ముక్కలు పీవీసీ గొట్టంలో కూరి, గాలి చొరకుండా మూత బిగిస్తాను. మూతకున్న వాల్వు లోపలి వాయువును వదులుతుందే గాని బయటి గాలిని రానివ్వదు. వారాలు గడిచాక తూస్తే గొట్టం తేలిక. ఈస్టు చక్కెరను ఆల్కహాలు చేసింది; కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయింది. నేను తూచింది లేనిదాన్నే!

లేమిని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం కావాలన్నారు భాట్ట మీమాంసకులు. అక్కర్లేదు, ప్రత్యక్షమే చాలన్నారు నైయాయికులు. మూత తీయగానే కల్లు వాసన కొడితే నైయాయికుణ్ణే. కానీ నోటు పుస్తకంలో మొదటిరోజు బరువు రాసి ఉండకపోతే, ఆ తగ్గుదల నాకు ఎక్కడ కనపడేది?

ఓవెన్‌తో మరో తంటా. తేమ లెక్క కోసం ఆ ముక్కల్ని 60 డిగ్రీల్లో ఆరబెడితే నీటితోపాటు ఆల్కహాలూ ఎగిరిపోతుంది, దాన్నీ నీళ్ల ఖాతాలోనే రాసేస్తాం. అందుకే ఆల్కహాలు కొలవడానికి, ముక్కల నుంచి పిండిన రసాన్ని విడిగా గ్యాస్ క్రొమటోగ్రఫీకి పెడతాను.